గంట కొట్టాక మీరు

"ఆ మంట నిజమైనదేనా అండీ?"

పొద్దుటినుంచి ఇది పదకొండోసారి. పొయ్యిలో ఉన్నది ఎర్ర కాగితం చుట్టిన బల్బు. అది మంటో కాదో కళ్ళున్నవాళ్ళెవరికైనా తెలుస్తుంది. కానీ ప్రూఫులావిడ నోట బల్బు అన్న మాట రాకూడదు. పదింటికి గంట కొట్టారంటే మ్యూజియంగా మార్చిన ఆ పాత బంగళాలో నూటయాభై ఏళ్ళ కిందటి కాలం మొదలవుతుంది. ఐదింటికి మళ్ళీ గంట కొట్టేదాకా అది కదలదు. అంతసేపూ ఆవిడ వంటింట్లో పనిమనిషి. గోధుమరంగు బారు గౌను, ముందు తెల్ల గుడ్డ, తలకి ఇంకో తెల్ల గుడ్డ, ఒళ్ళో రాగి గుండిగ.

"పొయ్యిలో మంట కాక మరేముంటుందయ్యా?" అంది.

"మరి వేడి తగలడం లేదే?"

"ఇప్పుడే ఆర్పాను."

"ఎర్రగా ఉందిగా?"

"ఆర్పేసరికి సిగ్గుపడింది. పద బాబూ, వెనకవాళ్ళు కూడా చూడాలి."

అతను పకపకా నవ్వి, గుండిగని ఓ ఫొటో తీసుకుని పోయాడు. ఆవిడ మళ్ళీ గుడ్డ అందుకుంది.

ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ ఓ అచ్చాఫీసులో ప్రూఫులు దిద్దిన మనిషి. రిటైరయ్యాక ఇంట్లో కూర్చుని దినపత్రికలో తప్పులకి ఎర్రసిరా పెడుతుంటే, ఇలా అయితే లాభం లేదని తనకి తానే చెప్పుకుని ఇక్కడ చేరింది. జీతం లేదు, భత్యం లేదు, గౌను కూడా సొంత గుడ్డతో సొంతంగా కుట్టుకున్నదే. పాతకాలం బతుకు ఎలా ఉండేదో జనానికి కళ్ళకి కట్టినట్టు చూపించాలని ఆవిడ పట్టుదల. జనం అడిగేది మాత్రం మంట గురించీ, మరుగుదొడ్డి ఎటువైపన్న దాని గురించీ.

తోమడంలో కూడా ఆవిడ ప్రూఫులు దిద్దే మనిషే. ఇసక, ఉప్పు, పులిసిన పిండినీళ్ళు కలిపి, గరుకు గుడ్డతో అంచు దగ్గర మొదలుపెట్టి, వరస తప్పకుండా అడుగుదాకా వస్తుంది. సాయంత్రానికి గుండిగ సగం మెరుస్తుంది. మర్నాడు వచ్చేసరికి మళ్ళీ నల్లగా దిగాలుగా కూర్చుని ఉంటుంది. ఎనిమిది నెలలుగా ఇదే వరస. రాగి కదా, గాలి తగిలితే నల్లబడుతుంది కాబోలు అనుకుని సరిపెట్టుకుంది.

ఆ గురువారం ఐదింటికి గంట కొట్టగానే ఆవిడ గుండిగ దించి, తలగుడ్డ విప్పి, వంటింటి పక్కనున్న విశ్రాంతి గదిలోకి వెళ్ళి కుర్చీలో కూలబడింది. వేషం వేసేవాళ్ళ కోసమని పెట్టిన గది అది. ఎదురుగా పడక కుర్చీలో పట్టుగౌనుతో దొరసాని అప్పటికే చేరగిలబడి ఉంది. దొరసాని వేషం వేసేది పళ్ళ డాక్టరు. క్లినిక్కు కూతురికి అప్పగించి ఇక్కడ చేరింది. ముప్పయ్యేళ్ళపాటు ఎదుటివాళ్ళని నోరు తెరవమని చెప్పడమే తప్ప, తెరిచి మాట్లాడితే వినే అలవాటు లేని మనిషి.

"ఏమే, నా టీ ఏది?" అంది డాక్టరమ్మ విసనకర్ర ఆడిస్తూ.

"గంట కొట్టారండీ."

"ఆఁ?"

"గంట కొట్టారు. నేనిప్పుడు మీ పనిమనిషిని కాను."

"అయ్యో, అలవాటైపోయిందే! ఏమనుకోకు."

"అనుకోకండి."

"అదే, ఏమీ అనుకోకు."

ప్రూఫులావిడకి ఒళ్ళు మండిపోయింది. పదినుంచి ఐదుదాకా నువ్వు అనిపించుకోవడానికి ఆవిడకేమీ అభ్యంతరం లేదు. అది వేషం. ఏమే అన్నా, ఒసే అన్నా చేతులు కట్టుకుని అమ్మగారూ అంటుంది. ఆ తర్వాత మాత్రం మనుషులు మనుషుల్లా ఉండాలి కదా. ఈ మాట మర్యాదగా నాలుగుసార్లు చెప్పింది, నవ్వుతూ ఆరుసార్లు చెప్పింది. డాక్టరమ్మ ప్రతిసారీ "అలాగేనే" అంటోంది. గోడకి చెప్పినా ఈపాటికి తిరిగి పలికేది.

లేచి ఇన్‌ఛార్జి గదికి నడిచింది. బంగళా ఇన్‌ఛార్జి ముప్ఫయ్యయిదేళ్ళవాడు. ఎవరి చేతికి గడియారం కనపడినా, ఎవరి సంచికి జిప్పు కనపడినా "ఆ శతాబ్దంలో అది లేదండీ" అంటూ ప్రత్యక్షమవుతాడు కనక, వేషం వేసేవాళ్ళంతా చాటుగా అతన్ని శతాబ్దం అంటారు.

"గంట కొట్టాక మీరు," అంది గుమ్మంలోంచే. "ఈ ముక్క రూల్సులో రాయండి. లేకపోతే నేను రేపటినుంచి రాను."

"తప్పకుండా రాద్దామండీ. కానీ ఇప్పుడు నా నెత్తిన ఇంతకన్నా పెద్ద బండ పడింది." అతని చేతిలో ఓ కాగితం ఉంది. "అగ్నిమాపక శాఖవాళ్ళు తనిఖీకి వచ్చి వెళ్ళారు. మెట్ల కింద చీపుర్ల గదిలో మనిషి కూర్చోకూడదట. కిటికీ లేదు, లోపల నేల కడిగే మందుల సీసాలు. ససేమిరా అన్నారు."

ఆ గదిలో కూర్చునేది నీలంకోటు. బంగళా తుడిచే మనిషి. ఒంటిమీద పనికి పంపిన కంపెనీవాళ్ళిచ్చిన నీలం కోటు ఉంటుంది కనక అందరికీ నీలంకోటే. పొద్దున ఆరింటికి వచ్చి, పదయ్యేసరికి పదహారు గదులూ తుడిచేసి, ప్లాస్టిక్ బకెట్టుతో సహా మెట్ల కింద మాయమవుతుంది. నీలం కోటూ ప్లాస్టిక్ బకెట్టూ ఆ శతాబ్దంలో లేవు. ఎవరైనా నీళ్ళు ఒలకబోస్తేనో, మరుగుదొడ్లు కడగాలంటేనో వెనక దారిన వచ్చి, పని ముగించి మళ్ళీ మెట్ల కిందకే పోతుంది.

ఇప్పుడు కూడా ఆమె అక్కడే, బీరువా పక్కన, చేతిలో తుడుపుకర్రతో నిలబడి ఉంది. అప్పటిదాకా ప్రూఫులావిడ గమనించలేదు.

"సోమవారం నుంచి నువ్వు ఆరింటికి వచ్చి పదింటికి వెళ్ళిపో," అన్నాడు శతాబ్దం ఆమెతో. "మళ్ళీ ఐదింటికి వచ్చి ఎనిమిదిదాకా చెయ్యి. మధ్యలో పనులు ఎవరో ఒకరం చూసుకుంటాం."

"సరే సార్," అంది నీలంకోటు.

"నువ్వుండేది ఎక్కడ అమ్మాయ్?" అడిగింది ప్రూఫులావిడ.

"రెండు బస్సులు మారాలమ్మా. గంటన్నర."

"మరి పదింటికి ఇంటికెళ్ళి ఏం చేస్తావు?"

"ఏముందమ్మా, తాళం తీసి, తాళం వేసి, మళ్ళీ బస్సెక్కాలి." ఆమె తుడుపుకర్ర గోడకి ఆనించింది. "కుదరదు లెండి. ఆదివారంతో మానేస్తాను."

"ఇంకోచోట దొరుకుతుందా?"

"ఈ వయసులో ఎవరు పెట్టుకుంటారమ్మా," అని, కర్ర మళ్ళీ అందుకుని, తడి నేల మీద ప్రూఫులావిడ చెప్పుల అచ్చులు పడ్డచోట వంగి తుడుచుకుంటూ వెళ్ళిపోయింది.

*

"ఎంత అన్యాయమో చూశారా!" అంది ప్రూఫులావిడ ఇంటికి రాగానే.

భర్త వంటింటి సింకు కింద దూరి ఉన్నాడు. నీళ్ళ శాఖలో పంపులు నడిపి రిటైరైన మనిషి. ఇంట్లో కుళాయిలకి మాత్రం ఎన్నడూ రిటైర్మెంటు ఇవ్వడు.

"ఎవరికి?" అన్నాడు లోపలినుంచి.

"నాకూ, ఆ తుడిచే అమ్మాయికీ. ఆ డాక్టరమ్మ గంట కొట్టాక కూడా నన్ను నువ్వంటుంది, ఏమే అంటుంది. దానికెంత పొగరు!"

"నలభై ఏళ్ళుగా నిన్ను నేను నువ్వంటున్నాను. నన్ను నువ్వు మీరంటున్నావు. నీకెప్పుడూ రోషం రాలేదే?"

"మీరు పుట్టుకతోనే వేషంలో ఉన్నారు. మీకు గంట కొట్టే నాథుడు లేడు."

సింకు కింద నవ్వు వినపడింది. తర్వాత పాన కింద పడిన చప్పుడు, దాని వెనకే ఓ తిట్టు.

ఆవిడ మొత్తం కథంతా చెప్పింది. చీపుర్ల గది, తనిఖీ కాగితం, రెండు బస్సులు. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగి, బీరువా తెరిచి, తన పాత గౌను బయటికి లాగింది. మొదటిసారి కుట్టినప్పుడు కొలత తప్పి వదులుగా వచ్చినదది.

"దీన్ని ఆ అమ్మాయికి వేస్తే?" అంది. "అసలు గొడవంతా నీలం కోటుతో కదా. వేషం వేసిందంటే ఇక దాక్కోనక్కర్లేదు. పగలంతా హాయిగా బంగళాలోనే తిరుగుతుంది. ఉద్యోగం ఉంటుంది, చీకటి కొట్టు తప్పుతుంది. ఎలా ఉంది?"

"బాగానే ఉంది. ఆవిణ్ణి అడిగావా?"

"అడగడానికేముంది! ఉద్యోగం నిలబడుతుంటే వద్దనేవాళ్ళుంటారా ఎవరైనా?"

ఆయన తల బయటికి పెట్టి ఏదో అనబోయాడు. భార్య ముఖంలో వెలుగు చూసి, పాన కోసం మళ్ళీ లోపలికి దూరాడు.

*

శుక్రవారం పొద్దున శతాబ్దం ఆ మాట వింటూనే కుర్చీలోంచి లేచాడు.

"అద్భుతం అండీ! నాకెందుకు తట్టలేదు? ఆ శతాబ్దంలో తుడిచేవాళ్ళు ఉన్నారు!"

"ఉండే ఉంటారు. లేకపోతే దుమ్ము ఎవరు దులిపేవాళ్ళు?"

"కానీ బకెట్టు మాత్రం చెక్కది కావాలి. ప్రదర్శన గదిలో ఒకటుంది, తీయిస్తాను. ఆ తుడుపుకర్ర పనికిరాదు. మోకాళ్ళ మీద కూర్చుని గుడ్డతో తుడవాలి."

"మోకాళ్ళ మీదా?"

"పొడుగు కర్ర ఉండేదనడానికి మన దగ్గర ఆధారం లేదండీ."

కర్రకి గుడ్డ కట్టుకునే తెలివి మనుషులకి నిన్న మొన్న వచ్చిందా అని అడుగుదామనుకుంది ప్రూఫులావిడ. కానీ అతను ఒప్పుకున్నదే పదివేలు, బేరం చెడగొట్టడమెందుకని నోరు కట్టేసుకుంది.

నీలంకోటుని విశ్రాంతి గదిలో స్టూలు మీద నిలబెట్టి గౌను తొడిగింది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని అంచు మడుస్తూ, "కదలకు అమ్మాయ్", "అటు తిరుగు", "చేతులెత్తు" అంటూ చుట్టూ తిరిగింది. నీలంకోటు కదలమన్నప్పుడు కదిలింది, ఎత్తమన్నప్పుడు ఎత్తింది. తలగుడ్డ కట్టాక అద్దం ముందుకి తీసుకెళ్ళి, "చూడు, ఎంత బాగున్నావో!" అంది ప్రూఫులావిడ.

నీలంకోటు అద్దంలోకి చూసింది. "సరేనమ్మా," అంది.

కాస్త సంతోషంగా అని ఉంటే దాని సొమ్మేం పోయేదో ప్రూఫులావిడకి అర్థం కాలేదు. మనిషి బొత్తిగా నోట్లో నాలుక లేనిది, పాపం, అని సమాధానపడింది.

"వచ్చినవాళ్ళు ఏమైనా అడిగితే భయపడకు," అని చెప్పాడు శతాబ్దం. "ఏమడిగినా నిజమే చెప్పు. ఈ కాలం మాట రాకుండా చూసుకో, అంతే. బస్సు, ఫోను, ప్లాస్టిక్ అనకు."

"అలాగే సార్."

*

శనివారం జనం విరగబడి వచ్చారు. పదకొండు గంటలకి వంటింటి గుమ్మం దగ్గర నీలంకోటు మోకాళ్ళ మీద వంగి, చెక్క బకెట్టు పక్కన పెట్టుకుని, రాతి పలకలు తుడుస్తోంది. గుడ్డని నీళ్ళలో ముంచి, మెలితిప్పి పిండి, రెండు చేతులా ముందుకి తోసి, అర్ధచంద్రాకారంలో వెనక్కి లాక్కుంటోంది. ఒక్క పలక మీద కూడా నీటిచార మిగలడం లేదు. చూస్తున్నవాళ్ళు అలాగే నిలబడిపోయారు. గుండిగ తోమే ప్రూఫులావిడ దగ్గర ఒక్కరూ లేరు. నిజమైన మంటేనా అని అడిగే దిక్కు కూడా లేదు.

పుస్తకం పట్టుకున్న టీచరొకావిడ ముందుకి వంగింది.

"రోజూ ఎన్నింటికి లేస్తావమ్మా?"

"మూడున్నరకండీ."

"అంత పొద్దున్నేనా!"

"దూరం కదండీ. వీళ్ళంతా వచ్చే వేళకి ఇల్లంతా తుడిచేసి, కనపడకుండా పోవాలి."

"కనపడకుండా ఎందుకు?"

"నేను కనపడితే ఇంటి అందం చెడుతుందంటారండీ."

గుంపులోంచి అయ్యో అని ఎవరో అన్నారు. టీచరు పుస్తకంలో రాసుకుంది.

"మరి ఎక్కడ ఉంటావు?"

"మెట్ల కింద ఓ కొట్టుంది. చీపుర్లతో పాటు అందులోనే. ఈమధ్య అదీ వద్దన్నారు."

"ముందు గుమ్మంలోంచి రానిస్తారా?"

"లేదండీ. వెనక తలుపే. పదకొండేళ్ళయింది, ముందు మెట్లు తుడవడమే కానీ ఎక్కింది లేదు."

"నిన్ను ఏమని పిలుస్తారు?"

"అమ్మాయ్ అంటారండీ." నీలంకోటు గుడ్డ పిండింది. "నాకు అరవైమూడేళ్ళు."

ప్రూఫులావిడ చెయ్యి గుండిగ మీద ఆగింది. తనకి అరవైయొకటి.

"ఇంటివాళ్ళు మంచిగా చూస్తారా?" అడిగాడు చేతికర్ర పట్టుకున్న ఓ పెద్దాయన.

నీలంకోటు కాసేపు ఆలోచించింది. వేషం వేసేవాళ్ళెవరూ ఇలా ఆలోచించరు. అందరికీ జవాబులు బట్టీ ఉంటాయి.

"కొట్టరండీ, తిట్టరు. అందరూ మంచివాళ్ళే. ఒకావిడైతే మరీను. నాకేం కావాలో నన్ను అడక్కుండా ఆవిడే అనేసుకుంటుంది. నా తరఫున ఆవిడే మాట్లాడేస్తుంది. నాకు నోరు నొప్పి లేకుండా."

జనం నవ్వారు.

"ఆవిడకి గిన్నె తోమడం సరదా అండీ. రోజూ ఒకే గిన్నె. అది తెల్లగా ఉంటే ఆవిడకి పనుండదు కదా. అందుకని పొద్దున్నే నేను నూనెలో మసి కలిపి దానికి పూస్తాను. పగలంతా ఆవిడ తోముతుంది. ఆవిడ ఇంటికెళ్ళాక, మిగిలిన సగం నేను తోముతాను. మర్నాడు మళ్ళీ మసి."

"డబ్బున్నవాళ్ళ సరదాలు చూడు!" అన్నాడు పెద్దాయన. "అప్పట్లో పనిమనుషుల్ని ఎంత కాల్చుకుతినేవాళ్ళో!"

"ఎంత సహజంగా చేస్తోంది! నాటకాల్లో వేసే మనిషై ఉంటుంది," అంది ఇంకొకావిడ. చప్పట్లు మొదలయ్యాయి. వంటిల్లు మారుమోగింది. నీలంకోటు ఆ చప్పట్లు దేనికో తెలియనట్టు ఓసారి తలెత్తి చూసి, పక్క పలక మీదికి జరిగింది.

ప్రూఫులావిడకి ముందు వచ్చింది కోపమే. ఇంత చేసి పెడితే, గౌను ఇచ్చి, ఉద్యోగం నిలబెడితే, పదిమందిలో ఇలా పరువు తీస్తుందా అనుకుంది. ఆ కోపం ఎంతోసేపు నిలవలేదు. ఆమె అన్నదాంట్లో దిద్దడానికి ఒక్క తప్పు కూడా దొరకలేదు. ఇతరుల అచ్చుతప్పులు భూతద్దంతో వెతికి పట్టుకున్న మనిషి, తన ఒళ్ళో ఉన్న గుండిగకి రోజూ ఎవరో మసి పూస్తుంటే ఎనిమిది నెలలు కనిపెట్టలేకపోయింది. గురువింద తన నలుపెరగదన్న సామెత ఎన్నిసార్లు ప్రూఫులో దిద్దిందో లెక్కలేదు.  మిగిలిన పూటంతా తలెత్తకుండా తోమింది.

ఐదింటికి గంట కొట్టగానే శతాబ్దం పరుగున వచ్చాడు.

"పదకొండేళ్ళుగా ఈవిడలో ఇంత కళ ఉందని మనకి తెలియనే తెలియదండీ! రేపటినుంచి రోజుకి రెండు ప్రత్యేక ప్రదర్శనలు. పదకొండుకొకటి, ఒంటిగంటకొకటి. చీపుర్ల కొట్టులోంచి బయటికి వచ్చే సీను కూడా పెడదాం."

"ఆ కొట్టులో మనిషి కూర్చోకూడదన్నారుగా?" అంది ప్రూఫులావిడ.

"పది నిమిషాలకి ఎవరూ ఏమీ అనరండీ. చూడటానికేగా!"

ఆవిడ తలగుడ్డ విప్పి పెరటివైపు నడిచింది. 

నీలంకోటు పెరటి కుళాయి దగ్గర ఉంది. నీలం కోటు మళ్ళీ వేసుకుని, గుండిగని బోర్లించి మిగిలిన సగం తోముతోంది. ప్రూఫులావిడ వెళ్ళి ఎదురుగా నిలబడింది.

"ఆ మసి సంగతి నాతో చెప్పొచ్చుగా?"

"చెప్పకూడదన్నారమ్మా సారు. మీ మనసు కష్టపడుతుందని."

"ఇవాళ పదిమందిలో చెప్పావే... చెప్పారే?"

"ఏమడిగినా నిజం చెప్పమన్నారు కదమ్మా. అంతకుముందు ఎవరడిగారు?"

ఆవిడ ఇంత కష్టపడి దిద్దుకున్న మాట నీలంకోటు చెవిన పడినట్టే లేదు. గుండిగ తిప్పి అడుగు రుద్దుతోంది. వంగినప్పుడల్లా ఎడమ మోకాలు పట్టుకుంటోంది.

"నేను మీ మంచికే చేశాను," అంది ప్రూఫులావిడ. తన గొంతు తనకే చిన్నపిల్ల గొంతులా వినిపించింది. "ఆ చీకటి కొట్టులో కూర్చోనక్కర్లేకుండా చేద్దామనే."

"తెలుసమ్మా." నీలంకోటు నీళ్ళు కుమ్మరించింది. "కానీ ఆ కొట్టుకి తలుపుండేది. వేసుకుని, కోటు విప్పి తలకింద పెట్టుకుని, ఓ గంట కాళ్ళు చాపుకునేదాన్ని. ఎవరూ చూసేవాళ్ళు కాదు. ఇవాళ పొద్దుటినుంచి చూస్తూనే ఉన్నారు. ముక్కు దురద పెడితే గోక్కోడానికి లేదు."

"మీకు ఏం కావాలి మరి?"

"తలుపున్న గదమ్మా. లోపల గడియ ఉండాలి. ఒక్క గంట చాలు. అంతకన్నా ఏం చేసుకుంటాను?"

ఆ మాట ఎంత చిన్నదో ప్రూఫులావిడకి ఇంటికి వెళ్ళేదాకా అర్థమవుతూనే ఉంది.

*

ఆదివారం పొద్దున ఆవిడ అందరికన్నా ముందొచ్చింది. విశ్రాంతి గది తలుపుకి అంటించిన రూల్సు కాగితం ముందు నిలబడి, వేలు పెట్టి ఒక్కో మాటా చదివింది. తర్వాత శతాబ్దం గదికి వెళ్ళి ఆ కాగితం అతని బల్ల మీద పెట్టింది.

"మూడో రూలు చదవండి."

"'వేషంలో ఉన్నవారందరూ మధ్యాహ్నం ఒంటిగంట నుంచి రెండింటి వరకు విశ్రాంతి గదిని వాడుకొనవచ్చును.' దీంట్లో తప్పేముందండీ?"

"ఏ తప్పూ లేదు. నేనే దిద్దాను. ఆ తుడిచే ఆవిడ వేషంలో ఉన్నారా, లేరా?"

"ఉంది."

"ఉన్నారు."

"ఉన్నారు," అన్నాడు శతాబ్దం.

"అయితే ఒంటిగంటకి ఆ గది ఆవిడది."

"ఒంటిగంటకి ప్రదర్శన కదండీ! పైగా డాక్టరమ్మగారు అక్కడే టీ..."

"ఉన్నవారందరూ అని రాశారు. టీ తాగేవారు అని రాయలేదు. ప్రదర్శన నేను చేస్తాను, మోకాళ్ళ మీదే. సోమవారం నుంచి షిఫ్టు విడగొట్టేది కూడా లేదు. కాదంటే, పొయ్యి దగ్గర జనానికి మీరే కూర్చుని జవాబులు చెప్పుకోండి."

శతాబ్దం ఒకసారి కాగితం వంకా, ఒకసారి వంటింటి వంకా చూశాడు. బల్బు గురించి రోజుకి నలభైసార్లు అబద్ధమాడే ఓపిక ఇంకెవరికీ లేదని అతనికి తెలుసు.

"సరేనండీ. కానీ కొట్టు సీను..."

"నిజంగా కూర్చోవడానికి పనికిరాని కొట్టు, చూడటానికి మాత్రం ఎలా పనికొస్తుందో రాసివ్వండి. దిద్దిపెడతాను."

అతను కొట్టు సీను వదులుకున్నాడు. మోకాళ్ళ మీద కాకుండా తుడుపుకర్రతో తుడవడం గురించి మాత్రం బంగళా కమిటీని అడగాలన్నాడు.

ఈసారి ప్రూఫులావిడ ముందుగా వెళ్ళి, ఆ గది సరిపోతుందా అని నీలంకోటునే అడిగింది. నీలంకోటు విశ్రాంతి గదిలోకి వచ్చి, సోఫా వంక చూడలేదు, కిటికీ వంక చూడలేదు. నేరుగా తలుపు దగ్గరికెళ్ళి లోపలి గడియ వేసి, లాగి, మళ్ళీ తీసి చూసింది.

"గట్టిదే," అంది. "సరేనమ్మా, ఇక్కడైతే పడుకుంటాను." ఆమె ముఖంలో మొదటిసారి ఓ చిన్న నవ్వు కనిపించింది. అది ప్రూఫులావిడని చూసి నవ్విన నవ్వు కాదు, గడియని చూసి నవ్వినది.

ఒంటిగంటకి నీలంకోటు లోపలికి వెళ్ళింది. గడియ పడిన చప్పుడు వినిపించింది. ప్రూఫులావిడ గౌను పైకి దోపి, ఆ తలుపు ముందు వసారాలో మోకాళ్ళ మీద కూర్చుని గుడ్డ ముంచింది. మూడో పలక దగ్గరికి వచ్చేసరికి రాయి మోకాలిచిప్పలో దిగుతున్నట్టు నొప్పి మొదలైంది. గుడ్డ సరిగ్గా పిండటం రాలేదు. నేలంతా నీటిచారలు. చుట్టూ ఇరవైమంది నిలబడి చూస్తున్నారు. ముక్కు దురద పెట్టింది.

"నిన్న తుడిచినావిడ బాగా చేసిందట," అన్నారెవరో వెనకనుంచి.

అంతలో పట్టుగౌను గరగరలాడించుకుంటూ దొరసాని వచ్చింది. జనం పక్కకి తప్పుకుని దారిచ్చారు. ఆమె తలుపు తోసింది. అది కదల్లేదు.

"ఏమే, ఈ తలుపెందుకు వేసి ఉంది?"

ప్రూఫులావిడ తలెత్తలేదు. చేతిలో గుడ్డ కూడా ఆపలేదు.

"అమ్మగారు పడుకున్నారండీ."

"ఏ అమ్మగారే? అమ్మగారిని నేను కదా!"

జనం గొల్లుమన్నారు. ఫోన్లు పైకి లేచాయి. డాక్టరమ్మ ఎర్రబడింది. వేషం విడిచి పోట్లాడటానికి వీల్లేదు, గంట కొట్టడానికి ఇంకా నాలుగు గంటలుంది.

"నెమ్మదిగా మాట్లాడండి," అంది ప్రూఫులావిడ గుడ్డ పిండుతూ. "మూడున్నరకి లేచిన మనిషి. ఇప్పుడే కన్నంటుకుంది. లేపితే బాగుండదు."

ఆ గొంతులో ఏముందో మరి, నవ్వుతున్నవాళ్ళు ఆగారు. ముందు వరసలో ఉన్న ఓ తల్లి పిల్ల నోటి మీద వేలు పెట్టి ఊరుకోమంది.  లోపలినుంచి సన్నగా గురక వినిపించింది.

డాక్టరమ్మ తడి తగలకుండా పట్టుగౌను అంచు ఎత్తి పట్టుకుంది. ఒకసారి మూసిన తలుపు వైపు చూసింది, ఒకసారి జనం వైపు చూసింది. తర్వాత ప్రూఫులావిడ మీదికి వంగి, గొంతు బాగా తగ్గించి అడిగింది.

"ఎప్పుడు లేస్తారు?"